కిన్యరువాండా భాష - దాని లిపి

ఆఫ్రికా ఖండపు నడుమ, భూమధ్యరేఖకు కొంచెము దక్షిణముగా, రువాండా అను చిన్నదేశము కలదు. దాని వైశాల్యము 26,338 చదరపు కిలోమీటర్లు. మన ఉమ్మడి అనంతపురము జిల్లాకు ఒకటిన్నర రెట్లైనను లేదు. నేల యంతయు కొండలే యగుటచే దానిని వేయికొండల దేశ మందురు. 2022వ సంవత్సరపు జనాభా లెక్కనుబట్టి అచ్చటి ప్రజలు సుమారు 1 కోటి 32 లక్షలు. ఇంతవరకు చెప్పినది ఏ భూగోళ పుస్తకమునందైనను దొరకును. వింత యేమనగా, ఆ కోటి ముప్పదిరెండు లక్షలలో ఇంచుమించు అందరి మాతృభాషయు ఒక్కటే. పొరుగుననున్న కాంగో దేశమున రెండువందలకు పైగా భాషలు కలవు. రువాండాలో ఏ కొండ యెక్కినను, ఏ లోయలోనికి దిగినను, వినవచ్చునది కిన్యరువాండా భాషయే. దక్షిణమున బురుండీ దేశీయులు మాటలాడు కిరుండీ దీనికి కవలచెల్లెలు. ఈ యిరువురును దుబాసీ లేకయే ఒకరి మాట నొకరు గ్రహింతురు. తూర్పు కాంగోలోను, యుగాండా నైరృతి మూలను గూడ ఈ భాషనెఱిగిన వారు కలరు.

శ్రోతలారా, ఒక భాషను పరిచయము చేయవలెనన్నచో మొదట దాని పేరు విప్పిచూచుట మంచిది. దేశము రువాండా. ఆ దేశస్థు డొకడు ‘ఉమున్యరువాండా’. పలువురైనచో ‘అబన్యరువాండా’. వారి భాష ‘ఇకిన్యరువాండా’. పదము నడుమను చివరను కదలలేదు. మార్పంతయు మొదటనే జరిగినది. తెలుగున మనము విభక్తులను, బహువచనమును, కాలమును పదము తోకకు తగిలింతుము. వారు తలకు తగిలింతురు. ఇది బాంటూ భాషలన్నిటికిని గల లక్షణము. అసలు ‘బాంటూ’ అను పేరే ఇట్టి పదము: ‘ఉముంతు’ అనగా మనిషి, ‘అబంతు’ అనగా మనుషులు. జర్మను పండితుడు బ్లీక్ 1862వ సంవత్సరమున ఈ భాషాకుటుంబమునకు ఆ మాటనే పేరుగా నిచ్చెను.

మన వ్యాకరణములలో మహద్వాచకములు, అమహద్వాచకములు అను విభాగము కలదు. మంచివాడు, మంచిది, మంచివి అని విశేషణము నామమును అనుసరించి రూపము మార్చుకొనును. కిన్యరువాండాలో ఇట్టి వర్గములు రెండు మూడు గావు, పదునారు. మంచి మనిషి ‘ఉముంతు మ్వీజా’. మంచి మనుషులు ‘అబంతు బేజా’. మంచి పుస్తకము ‘ఇగితబో చ్యీజా’. మంచి పుస్తకములు ‘ఇబితబో బ్యీజా’. మంచి చోటు ‘అహంతు హేజా’. ‘ఇంక’ అనగా వారి భాషలో ఆవు. మంచి ఆవు ‘ఇంక న్జీజా’. విశేషణమే గాదు, సర్వనామము, సంఖ్య, క్రియ కూడ నామముయొక్క వర్గచిహ్నమును ధరింపవలసినదే. వాక్య మంతయు ఒకే తాళమున నడచుచున్నట్లు వినబడును. పెండ్లివారందరు ఒకే రంగు తలపాగాలు చుట్టుకొని వచ్చినట్లు, ఏ మాట ఏ మాటకు చుట్టమో చెవికి వెంటనే తెలియును.

పైన వచ్చిన ‘ఇగితబో’ను ఒక్కక్షణము నిలిపి చూతము. ఇది మనకు క్రొత్త మాట గాదు. అరబ్బీ ‘కితాబ్’ ఉర్దూ మూలమున మన నాట కితాబుగా వినబడుచున్నది. అదియే అరబ్బు వర్తకుల వెంట తూర్పు ఆఫ్రికా తీరమునకు చేరి, స్వాహిలీలో ‘కితాబు’ అయి, లోనాడులకు ప్రాకెను. కిన్యరువాండా ప్రజలు ఆ మాట మొదటనున్న ‘కి’ని విని, అది తమ వస్తువర్గపు చిహ్నమే యని తీసికొనిరి. ఇక బహువచన మేల రాదు? ‘ఇబితబో’ వచ్చినది. అరబ్బీ పండితుడు వినినచో తల పట్టుకొనును గాని, పరభాషాపదమును తన యింటి ఆచారమున కలుపుకొనుట సజీవభాషకు లక్షణమే గదా. ‘కి’ అనునది ‘గి’ అగుటకు కారణము కూడ మనకు సుబోధము. తరువాతి అక్షరము త, క, స వంటి శ్వాసాక్షరమైనచో ముందున్న ‘క’ సరళమై ‘గ’ యగును. ‘ఇకిన్యరువాండా’లో ‘న్య’ వచ్చుటచే ‘క’ నిలిచినది. ‘ఇగితబో’లో ‘త’ వచ్చుటచే ‘గ’ అయినది. నియమము వేరైనను, గసడదవాదేశము చదివిన మన విద్యార్థికి ఇది ఇంటిలోని సంగతివలెనే తోచును.

మరియొక చుట్టరికము. మనము పాలు, నీళ్లు అని బహువచనముననే యందుము. ‘పాలు పొంగినవి’ యందుము గాని ‘పాలు పొంగినది’ అనము. వారును ‘అమతా’ (పాలు), ‘అమాజి’ (నీళ్లు) అని బహువచన వర్గముననే చేర్తురు. వేల క్రోసుల దూరమున, ఏ సంబంధమును లేని రెండు జాతులు పాలను నీళ్లను ఒకే కంటితో చూచుట నాకు మిక్కిలి ముచ్చటగా నుండును. ‘ఉబు’ అను చిహ్నము భావపదములకు చేరును: ‘ఉబుంతు’ అనగా మనిషితనము, ఔదార్యము. అంగడిలో ‘కు బుంతు’ అనినచో ఉచితముగా అని అర్థము. క్రియయందు ఒక్క మాటలో వాక్య మంతయు ఇముడును. ‘తుజాబసూరా’ అను మాటలో ‘తు’ మేము, ‘జా’ భవిష్యత్కాలము, ‘బ’ వారిని, ‘సూరా’ చూడబోవు. వెరసి ‘మేము వారిని చూడబోవుదుము’.

ఈ ‘సూరా’లోనే ఒక చిక్కున్నది. అందలి ‘సూ’ దీర్ఘము. దానిని హ్రస్వముగా పలికినచో సభలో ఉచ్చరింపరాని మరియొక క్రియ యగును. కడుపుబ్బరమునకు సంబంధించినదని చెప్పి ఊరకుందును. క్రొత్తగా భాష నేర్చుకొను పరదేశీయుడు ‘మీ యింటికి వత్తు’నని చెప్పబోయి ఇంటిల్లిపాదిని నవ్వించుట కిది చాలును. దీర్ఘము ఒక్కటియే గాదు. స్వరము కూడ అర్థమును మార్చును. అక్షరమును హెచ్చుస్థాయిలో పలికితిమా, తగ్గుస్థాయిలో పలికితిమా అనుదానిపై మాట మారిపోవును. ‘ఉముసంబి’ అనగా చాప. ‘ఉముసంబి’ అనగా తలపై కిరీటము గల కొంగయును. ‘ఇంకొకో’ అనగా కోడి. చేటకును ఆ యక్షరములే. ‘ఉముర్యంగో’ అనగా కుటుంబము, ద్వారమును అదియే. వినువారికి సందేహము లేదు. చదువువాడు మాత్రము ముందువెనుకల మాటలు చూచి ఊహింపవలసినదే. వైదిక స్వరము తప్పుటచే ‘ఇంద్రశత్రు’ శబ్దము త్వష్టకు విపరీత ఫలము నిచ్చిన కథ మనకు తెలిసినదే. మనకది యజ్ఞశాలలోని మాట. వారి కది నిత్యము పెరటిలోను, అంగడిలోను మాట.

మరి లిపిలో ఈ దీర్ఘమును, ఈ స్వరమును ఎట్లు చూపుదురు? చూపరు. కిన్యరువాండాను రోమను అక్షరములతో వ్రాయుదురు. ఇంగ్లీషు వర్ణమాలలోని క్యూ, ఎక్స్ అను రెండును విడిచి తక్కిన 24 అక్షరములను వాడుదురు. అచ్చులు అయిదు. హ్రస్వమునకును దీర్ఘమునకును ఒక్కటే గుర్తు; స్వరమునకు గుర్తే లేదు. భాషాశాస్త్రజ్ఞులు తమ గ్రంథములలో దీర్ఘాచ్చును రెండుమారులు వ్రాసి, హెచ్చుస్వరముపై గీతనుంచి చూపుదురుగాని, బడిపుస్తకములోను వార్తాపత్రికలోను అట్టివి కానరావు. నేడు మన యువకులు టెలిఫోనులలో తెలుగును రోమను అక్షరములతో వ్రాసి పంపుకొనుచున్నారు గదా. పి, ఏ, డి, యు అని వచ్చినచో అది ‘పడు’ అనవలెనో ‘పాడు’ అనవలెనో సందర్భమే చెప్పవలెను. రువాండా ప్రజల ముద్రిత వాఙ్మయ మంతయు అట్టి సందర్భజ్ఞానముపై నడచుచున్నది. తెలుగు లిపి వారి కుండినచో దీర్ఘము చిక్కు తీరెడిది. స్వరము చిక్కు మన లిపికిని తీరదు.

ఇట్టి లిపి ఎట్లు వచ్చినదనగా, రువాండా రాజ్యమునకు పూర్వము వ్రాత లేదు. వ్రాత లేనంత మాత్రమున వాఙ్మయము లేదనుకొనరాదు. రాజవంశ స్తుతులు ‘ఇబిసిగో’. వీరులు తమ పౌరుషమును తామే చాటుకొను పద్యములు ‘ఇబ్యివుగో’. పొడవైన కొమ్ములుగల రాజగోవులను పేరుపేరున పొగడు పద్యములు వేరుగా కలవు. రాజ్యాంగ రహస్యములు, అభిషేకవిధులు, అనావృష్టి నివారణ తంత్రములు ‘ఉబ్విరు’ అను పేర ‘అబిరు’ అను ఆస్థాన పురుషుల కంఠములలో తరతరములుగా నిలిచినవి. మన వేదపాఠశాలల నెఱిగినవారికి ఇందు ఆశ్చర్యము తోపదు. ఈ కంఠస్థ వాఙ్మయమును కాగితముపైకి తెచ్చిన మహనీయులలో అలెక్సిస్ కగమె అను మతాచార్యుడు అగ్రగణ్యుడు. 1912లో జన్మించి 1981లో మరణించెను. నేటి రాజకీయములలో వినబడు కగమె వేరు, ఈయన వేరు. రాజగు మూడవ ముతారా అనుమతితో అబిరు నోటినుండి ఆ రహస్యపాఠములను వ్రాసికొనెను; 1964లో ఆ పాఠములు ఇతర పండితుల సంపాదకత్వమున అచ్చుపడినవి. 1956లో వెలువడిన తన తత్త్వగ్రంథమున కగమె తన భాషా వ్యాకరణమునుండియే ఒక దర్శనము పిండెను: ‘ఉముంతు’ మనిషి, ‘ఇకింతు’ వస్తువు, ‘అహంతు’ దేశకాలములు, ‘ఉకుంతు’ రీతి, ఉన్నదంతయు ఈ నాలుగింటిలో నొకటియే యని ఆయన సిద్ధాంతము. వర్గచిహ్నములనుండి పదార్థవిభాగము చేయుట మన వైశేషికులు వినినచో మెచ్చెడివారు. కొందరు కయ్యమునకు దిగెడివారు కూడ.

రోమను లిపి క్రైస్తవ ప్రచారకుల వెంట వచ్చినది. శ్వేతపితలు అను కాథలిక్ గురువులు 1900వ సంవత్సరమున సవె అనుచోట తమ మొదటి మఠమును స్థాపించిరి. అప్పుడు దేశము జర్మనీ యేలుబడిలోనుండెను; 1916 నుండి బెల్జియము క్రిందికి వచ్చెను. వారు వినిన ధ్వనులను తమ కలవాటైన అక్షరములలో ఇముడ్చుకొనిరి. కాని ఆ ధ్వనులు అంత సులభముగా ఇముడునవి గావు. ‘బి’ తరువాత ‘డబ్ల్యు’ వచ్చినచో మనము ‘బ్వ’ అని చదువుదుము. వారి నోట అది ఇంచుమించు ‘బ్గ’ అని పలుకును. ‘ఉమ్వనా’ అనగా బిడ్డ. వినుటకు ‘ఉమ్ఙనా’ వలె నుండును. దేశము పేరే ‘ర్గ్వాండా’ అనినట్లు వినబడును. అందుచే పూర్వపు వ్రాతగాండ్రు కొందరు చెవిని నమ్మి ‘బి, జి’ అని వ్రాసిరి. తరువాతి వారు వ్యాకరణమును నమ్మి ‘బి, డబ్ల్యు’ అని వ్రాసిరి. వ్యాకరణ పక్షమే నెగ్గినది. అయినను కబ్గయి అను ఊరి పేరున ఆ పాత ‘బి, జి’ నేటికిని చెక్కుచెదరక యున్నది. 1933లో ‘కిన్యమతెకా’ అను దేశభాషాపత్రిక పుట్టినది ఆ కబ్గయిలోనే. అట్లే భాషలో ర-ల భేదము లేదు. వ్రాతలో ‘ఆర్’ ఒక్కటే చాలును. రాజధాని కిగాలీ మాత్రము పాత అలవాటున ‘ఎల్’ను వదలలేదు.

వర్ణక్రమము గూర్చిన తగవులు అంతటితో ఆగలేదు. 2014వ సంవత్సరము అక్టోబరులో ప్రభుత్వము క్రొత్త వ్రాతనియమములను ప్రకటించెను. అందొకటి మనకు సులభముగా బోధపడును. తెలుగున ‘చీర’లోని ‘చ’ తాలవ్యము, ‘చాప’లోని ‘చ’ దంత్యము. తరువాతి అచ్చునుబట్టియే ఉచ్చారణము తెలియుచుండగా రెండక్షరము లెందులకని మనము ఒకే ‘చ’తో సరిపెట్టుకొంటిమి. రువాండా ప్రభుత్వమును అట్లే తర్కించెను: ఇ, ఎ అను అచ్చులకు ముందు క, గ అనునవి తమంత తామే తాలవ్యములగుచున్నవి గనుక అచ్చట ‘వై’ చేర్చి వ్రాయ నక్కరలేదనెను. దానిచే నగరమను అర్థముగల ‘ఉముజ్యి’ అనుమాట ‘ఉముగి’ అయినది. శాస్త్రమున దోషము లేదు. కాని చిన్ననాటినుండి కన్ను అలవాటుపడిన మాట ముఖము మారినచో జనులు సహింతురా? పండితులు, పాత్రికేయులు, సామాన్యులు పలువురు ఆక్షేపించిరి. కిగాలీ నగరపాలక సంస్థయే తన పేరును పాతవిధముగనే వ్రాసికొనుట కానవచ్చును. అరసున్నను, బండి ఱను గూర్చి మన పెద్దలు చేసిన వాదములు తెలిసినవారు ఈ కలహమును చూచి చిరునవ్వు నవ్వకుండలేరు. నా మట్టుకు నాకు జనులవైపే మొగ్గు. వ్రాత అనునది ఉచ్చారణమునకు ఎంత చెందినదో కంటికిని అంత చెందినది.

ఇంతవరకు చెప్పినది ఎఱుక గలవారికి వినోదము. ఇక చెప్పబోవునది వినోదము గాదు. కాని దీనిని విడిచి ఈ భాషను గూర్చి మాటలాడుట ధర్మము గాదు.

‘ఉబ్వొకో’ అను మాట యొకటి యున్నది. జాతి, రకము, తెగ అని దాని అర్థము. పూర్వము మనుషుల విషయమున ఆ మాటకు వంశమని వాడుక. రువాండాలో ఇరువదికి అటునిటుగా వంశములు కలవు. అబన్యిగిన్య, అబేగ, అబజిగబ, అబసింగ మున్నగునవి. ఒక్కొక్క వంశమున హుటూలు, టుట్సీలు, ట్వాలు అను మూడు వర్గముల వారును ఉందురు. మువ్వురి భాషయు ఒక్కటే, మువ్వురి దేవుని పేరును ‘ఇమాన’ యే. 1930వ దశకమున బెల్జియము ప్రభుత్వము గుర్తింపు కార్డులు జారీచేయుచు, ప్రతివానిపేర హుటూ, టుట్సీ, ట్వా అను మూడింటిలో నొకటి వ్రాయించెను. ఆ గడికి కిన్యరువాండాలో పెట్టిన శీర్షిక ‘ఉబ్వొకో’. నోట నున్నప్పుడు అనేకార్థములతో వంగుచు సాగుచునుండిన మాట, కాగితముపై ఒకే యర్థమున బిగిసిపోయినది. దేశము 1962 జూలై 1వ తేదీన స్వతంత్రమైన తరువాత గూడ ఆ గడి చెరగలేదు.

1994 ఏప్రిల్ నెలలో టుట్సీల మారణకాండ ఆరంభమయ్యెను. సుమారు నూరు దినములలో లక్షలాది ప్రజలు హతులైరి. హత్యల కొడబడని హుటూలు కూడ పలువురు బలియైరి. చంపువాడును చచ్చువాడును ఒకే భాష, ఒకే యాసతో మాటలాడుచుండగా మాటనుబట్టి మనిషిని గుర్తించు దారిలేదు. దారులకు అడ్డుకట్టలు కట్టి కార్డు చూపుమనిరి. ఆ గడిలో వ్రాసియున్న మాటయే అనేకులకు మరణశాసనమయ్యెను.

అప్పుడు రేడియో చేసిన పనిని రేడియో శ్రోతల యెదుట దాచరాదు. 1993 జూలైలో ప్రసారములు మొదలిడిన ఆర్.టి.ఎల్.ఎం. అను ప్రైవేటు కేంద్రము కిన్యరువాండాలో పాటలతోను, పరిహాసములతోను కలిపి ద్వేషమును వెదచల్లెను. టుట్సీలను ‘ఇన్యెంజి’ అనెను, బొద్దింకలని యర్థము. ‘గుకోరా’ అనగా పనిచేయుట. ఆ దినములలో ‘పనికి పొండు’ అనినచో చంపుటకు పొండని వినువారికి తెలియును. ఉపకారము చేసినవారికి రువాండా ప్రజలు నిత్యము చెప్పు కృతజ్ఞతావచనము ‘మురకోజె’. అదియు ఈ ‘గుకోరా’ ధాతువునుండి వచ్చినదే. మీరు చేసితిరి అని మూలార్థము. ధాతువు ఒక్కటే. ఏ నోట, ఏ వేళ, ఏ ధ్వనితో పలికిరనునది వేరు.

అరూషా నగరమున ఐక్యరాజ్యసమితి నెలకొల్పిన న్యాయస్థానము ఎదుర్కొన్న కష్టములలో ఇది యొకటి. సాక్షులు కిన్యరువాండాలో చెప్పుదురు. న్యాయమూర్తులు ఫ్రెంచిలోను, ఇంగ్లీషులోను విందురు. 1998 సెప్టెంబరు 2వ తేదీన అకయెసు అను మేయరుపై వెలువడిన తీర్పులో, ఈ భాషనుండి అనువాదము ఎంత దుష్కరమో చెప్పుటకును, ‘ఇన్యెంజి’, ‘ఇబ్యిత్సో’ వంటి మాటల యర్థమును నిర్ణయించుటకును న్యాయమూర్తులు ప్రత్యేకముగా కొంత భాగము కేటాయింపవలసి వచ్చెను. ‘ఇబ్యిత్సో’ అనగా శత్రువుతో చేతులు కలిపినవారు. భాషాశాస్త్రజ్ఞుని సాక్ష్యము తీసికొనిరి. రేడియో కేంద్రమును, ఒక పత్రికను నడపినవారిపై 2003 డిసెంబరులో వేరుగా తీర్పు వచ్చెను. జరిగిన ఘోరమునకే క్రొత్తమాట కావలసివచ్చెను. సమూలముగా నిర్మూలించుట యను ధాతువును మునుపటి ‘ఉబ్వొకో’తో కూర్చి ‘ఇత్సెంబబ్వొకో’ అనిరి. తరువాత పాశ్చాత్యుల పదమునే తమ వర్ణక్రమమున ‘జెనోసిదె’ అని వ్రాసికొనిరి. గుర్తింపు కార్డులలో ఆ గడి నేడు లేదు.

ఆ 1994లోనే బి.బి.సి. వారు కిన్యరువాండా, కిరుండీ భాషలలో ఒక ప్రసారమును ఆరంభించిరి. తల్లి యొక శిబిరమున, బిడ్డ యొక శిబిరమున, సరిహద్దుకు ఈవల తండ్రి, ఆవల తాత. ఎవరు బ్రతికిరో, ఎవరు లేరో తెలియదు. ఆ ప్రసారము ఉద్దేశము విడిపోయినవారిని వెదకి కలుపుట. దానికి పెట్టిన పేరు ‘గహుజమిర్యంగో’. ‘గుహుజా’ అనగా కలుపుట. ‘ఇమిర్యంగో’ అనునది పైన చెప్పిన ‘ఉముర్యంగో’కు బహువచనము. కాగితముపై చూచినవానికి అది ద్వారములో కుటుంబములో తెలియదు. రేడియో దగ్గర కూర్చున్నవానికి ఆ సందేహము లేదు.